షెడ్డులో పట్టని బండి

చిక్కడపల్లి,
14 జూన్ 2010.

చిరంజీవి సురేశ్‌కు మామ కురుమయ్య రాసేది.

నేను, మీ అత్త బాగున్నాము. ఆదివారం నువ్వు ఫోన్ చేస్తే మీ అత్త నా చేతికి ఇచ్చింది. నువ్వు అరిచావు, నేను అరిచాను, వీధిలో వాళ్ళు కిటికీలు తెరిచి చూశారు. నా ఎడమ చెవి ఎప్పుడో పోయింది. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే కుడిచెవికి అందుతుంది. ఫోన్లో గరగర తప్ప ఏమీ రాదు. అందుకని ఇక ఉత్తరాలు రాసుకుందాము. ఏడో తరగతి దాకా చదివిన చదువు ఇన్నాళ్ళకు అక్కరకు వచ్చింది.

సంగతి ఏమంటే, సారు ఇంటికి కొత్త బండి వచ్చింది. వాళ్ళ అబ్బాయి అవినాష్ కొన్నాడు. తెల్లటి సెడాన్. పొడుగు బండి. ఫియట్ కోసం కట్టిన షెడ్డులో పట్టలేదు. మూతి గోడకు ఆనిందాక పోనిచ్చినా వెనుక రెండడుగులు ఎండలోనే ఉంది. ఆ గోడకు అవతల మేముండే గది అని నీకు తెలుసు. పాత బండి అమ్మేసి, గోడ తీసేసి, షెడ్డు, గది ఒకటి చేద్దామని చిన్న సారు అన్నాడు. సూర్యప్రకాశరావు సారు ఒప్పుకోలేదు. నన్ను హాల్లోకి పిలిచి నా ముందే అన్నాడు.

"కురుమయ్య ముప్పై ఆరేళ్ళుగా నా బండి మీద గీత పడనివ్వలేదు. నీ బండీ వాడే నడుపుతాడు. దీపావళి దాకా చూడు. గీత పడకపోతే ఆ గోడ ఊసు ఎత్తకూడదు."

"పడితే?" అన్నాడు చిన్న సారు.

"పడితే నీ ఇష్టం."

ఇదీ ఒప్పందం. నన్ను ఎవరూ అడగలేదు కానీ నేనూ తల ఊపాను.

రెండు బండ్లకు పోలిక రాస్తాను. ఫియట్ యాభై ఏడు మోడల్. దాని ముందు తలుపులు వెనక్కి తెరుచుకుంటాయి, గేరు స్టీరింగు పక్కన ఉంటుంది, ముందు సీటులో ముగ్గురం కూర్చోవచ్చు. కొత్త దాంట్లో నేను ఒక గుంతలో కూర్చున్నట్టు ఉంటుంది. బెల్టు పెట్టుకోకపోతే కుయ్ కుయ్‌మంటుందట. నాకు వినపడదు, అమ్మగారు వెనుక నుంచి భుజం తట్టి చెప్తుంది. స్టీరింగు ఒక వేలితో తిరుగుతుంది. అది సుఖమే, కాదనను. కానీ పాత బండి నడుస్తుంటే నా అరికాలికి తెలుస్తుంది. ఇంజన్ ఎట్లా ఉందో చెవితో పని లేదు. కొత్త బండిలో ఇంజన్ నడుస్తున్నదీ ఆగిందీ కాలికి తెలియదు. మీటరు సూది చూసుకోవాలి. అది నాకు నచ్చలేదు.

అక్కకు నేను అడిగానని చెప్పు.

నీ మామ,
కురుమయ్య

హన్మకొండ,
25 జూన్ 2010.

మామకు నమస్కారం.

నీ ఉత్తరం చేరింది. మా వర్క్‌షాపులో అందరూ ఏ కోర్టు నుంచి వచ్చిందని అడిగారు. ఇప్పుడు ఇక్కడ ఎవరికీ ఉత్తరాలు రావు.

అమ్మ బాగానే ఉంది. ఊళ్ళో బోరు ఎండింది. అది వేరే కథ.

మామ, నేను పదకొండేళ్ళుగా కొత్త బండ్లే బాగు చేస్తున్నాను. కొన్ని మాటలు చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఆ బ్రేకును పాత బండి బ్రేకు లాగా రెండు మూడు సార్లు పంపు కొట్టకు. ఒక్కసారి తొక్కి పట్టు. క్లచ్చు మీద కాలు ఆనించి పెట్టకు. స్టీరింగు ముందు ఏ దీపం వెలిగిందో చూడు. అన్నిటికన్నా మంచిది, ఒక వారం సెలవు పెట్టి ఇక్కడికి రా. మా దగ్గర వెనుక పెద్ద జాగా ఉంది. దగ్గరుండి నేర్పుతాను. చెవికి మిషన్ కూడా ఇక్కడే చూపిద్దాము.

ఫియట్ అమ్మితే అమ్మనీ మామ. దానికి సామాను దొరకదు. ఎంత తుడిచినా అది తుక్కే. నీకు బతుకుతెరువు కొత్త బండితో ఉంది.

సురేశ్

చిక్కడపల్లి,
19 జూలై 2010.

సురేశ్,

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించాను. తుక్కు అన్న చోట ఆగాను. ఆ తుక్కు మీదనే నీకు పద్నాలుగో ఏట గేరు వేయడం నేర్పాను. ఇందిరా పార్కు పక్కన మూడు ఆదివారాలు. నువ్వు క్లచ్చు ఒకేసారి వదిలి నా నెత్తి అద్దానికి కొట్టించావు. నేను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు నువ్వు నాకు నేర్పుతావు. సరే.

చెవికి మిషన్ వద్దు. నేను డ్రైవర్‌ను, పాటలు పాడేవాణ్ణి కాదు.

ఇక్కడ రోజూ ఏదో ఒక చికాకు. అశోక్ నగర్ సందుల్లో చదువుకునే పిల్లలు పుస్తకం మీద కళ్ళు పెట్టుకుని అడ్డం వస్తారు. పాత బండి హారన్ కొడితే జరుగుతారు. కొత్త బండి హారన్ కొడితే తిరిగి చూసి, "ఏందన్నా, గంత తొందరేంది" అంటారు. బందు రోజుల్లో పాత బండిని ఎవరూ ఆపరు, నవ్వి పోనిస్తారు. కొత్త బండిని ఆపి అద్దం దించమంటారు.

చిన్న సారు రోజూ రాత్రి పెట్రోలు సూది చూసి లెక్క వేస్తాడు. "కురుమయ్యా, లీటరుకు పదకొండే ఇస్తోంది. పద్దెనిమిది రావాలి. నువ్వు ఎలా నడుపుతున్నావు?" అన్నాడు మొన్న. పెద్ద సారు ముందు అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పెట్రోలు ఎట్లా మిగిలించాలో నాకు తెలుసు. నా పద్ధతి నాకుంది. నెల తిరిగేలోపు పదహారు చూపిస్తానని చెప్పాను.

ఐదు వారాలు గడిచాయి. గీత లేదు.

కురుమయ్య

హన్మకొండ,
2 సెప్టెంబరు 2010.

మామకు,

ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది. నీ ఉత్తరం చదివి నాకు కూడా కోపం వచ్చింది, అది తగ్గిందాక ఆగాను.

తుక్కు అన్నది తప్పే. కానీ నువ్వు అసలు మాటకు జవాబు రాయలేదు. బ్రేకు పంపు కొట్టడం మానావా లేదా? పెట్రోలు మిగిలించే పద్ధతి అన్నావు, అదేం పద్ధతి? ఈ బండికి ఏ పద్ధతీ అక్కర లేదు, దానికి అదే చూసుకుంటుంది. ఏదో ఒకటి చేసి ఒకరోజు గోడకు గుద్దితే అప్పుడు గాని నా మాట వినవు.

వస్తావా రావా అది రాయి.

సురేశ్

చిక్కడపల్లి,
8 సెప్టెంబరు 2010.

సురేశ్‌కు,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. బండి శనివారమే గుద్దింది. గోడకే. నీ నోటి మాట వృథా పోలేదు.

సికింద్రాబాదులో అమ్మగారి చెల్లెలి ఇంటికి పోయి వస్తున్నాము. వెనుక సీటులో సుబ్బలక్ష్మి అమ్మ ఒక్కతే. ట్యాంక్ బండ్ వైపు నుంచి లోయర్ ట్యాంక్ బండ్‌కు దిగే దారిలో, కింద మలుపు దగ్గర స్టీరింగు పట్టేసింది. వేలితో తిరిగే స్టీరింగు రెండు చేతులకూ తిరగలేదు. బ్రేకు తొక్కాను. మొదటిసారి కొంచెం ఆగింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ తొక్కాను. కాలి కింద రాయి పెట్టినట్టు అయింది. రోడ్డు పక్క పిట్టగోడకు కొట్టుకుని ఆగింది. నాకేమీ కాలేదు. అమ్మ ముందు సీటుకు చెయ్యి అడ్డం పెట్టింది, కుడి మణికట్టు విరిగింది. హైదర్‌గూడలో ఆసుపత్రిలో కట్టు కట్టారు. ముప్పై ఆరేళ్ళలో నా బండిలో కూర్చున్న మనిషికి దెబ్బ తగలడం ఇదే మొదటిసారి.

ఆమె ఆటోలో పోతూ, "నీకేం కాలేదు కదా కురుమయ్యా" అని అడిగింది.

బండిని అంతకు రెండు రోజుల ముందే నారాయణగూడలో సర్వీసింగుకు ఇచ్చాము. ఏడుకొండలు అనే మెకానిక్ చేశాడు. అతను ఏదో సరిగా బిగించలేదని సారు అంటున్నాడు. నేను కూడా అదే అనుకుంటున్నాను. మరింకేమై ఉంటుంది? సారు పోయి గట్టిగా అడిగితే వాళ్ళు ఏడుకొండలును పనిలోంచి పక్కన పెట్టారు. వినియోగదారుల కోర్టులో కేసు వేస్తానంటున్నాడు సారు. తప్పు బండిదైతే గీత లెక్కలోకి రాదని చిన్న సారుతో చెప్పాడు.

మీ అత్త రెండు రోజులు వంట చేయలేదు.

కురుమయ్య

హన్మకొండ,
15 సెప్టెంబరు 2010.

మామకు నమస్కారం. అత్తను ధైర్యంగా ఉండమను.

నీకు దెబ్బ తగలనందుకు సంతోషం. నా మాట శాపం కాదు, నోటికి వచ్చింది రాశాను.

నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. మా ఫోర్‌మన్ జగదీశ్వర్‌కు కూడా చూపించాను. స్టీరింగు, బ్రేకు రెండూ ఒకేసారి బిగుసుకున్నాయి. రెండూ ఒకేసారి చెడిపోవు మామ. వాటికి ఉన్న పొత్తు ఒక్కటే, ఇంజన్. అందుకని ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. దిగుడులో ఇంజన్ నడుస్తున్నదా? తాళం ఎక్కడ ఉంది?

ఇంకోటి. ఊళ్ళో ఎవరో అమ్మతో నువ్వు తాగి నడిపావని చెప్పారట. అమ్మ ఏడ్చింది. నేను నమ్మలేదు. కానీ అడగమంది కాబట్టి అడుగుతున్నాను.

సురేశ్

చిక్కడపల్లి,
24 సెప్టెంబరు 2010.

సురేశ్,

అక్కకు చెప్పు. ఆమె తమ్ముడు కల్లు కూడా మానేసి ఇరవై రెండేళ్ళు అయింది. ఈ మాట అడగమని ఆమె చెప్పినా నువ్వు అడగకుండా ఉండాల్సింది.

తాళం సంగతి. దిగుడు వస్తే తాళం తిప్పి ఇంజన్ ఆపుతాను. ఇప్పుడు కాదు, డెబ్బై నాలుగు నుంచి. పెట్రోలు రేటు ఒక్కసారిగా పెరిగిన రోజుల్లో సారు దగ్గర కుదిరాను. మొదటి వారమే సారు చెప్పాడు, దిగుడుకు పెట్రోలు ఎందుకయ్యా, బండి తనే పోతుంది అని. అప్పటి నుంచి ఈ ఊళ్ళో ఉన్న ప్రతి దిగుడులో ఆపాను. ఫియట్ ఒక్కనాడు కూడా ఎదురు తిరగలేదు. ఆ స్టీరింగు ఆపినా అంతే, నడిపినా అంతే. సారు వచ్చిన చుట్టాలందరికీ నా పేరు చెప్పి మెచ్చుకునేవాడు. కొత్త బండికీ అదే చేశాను. లీటరుకు పదిహేనున్నర దాకా తెచ్చాను.

ఇంజన్ ఆపితే స్టీరింగుకు ఏమైతది? చక్రాలు ఉన్నాయి, కడ్డీ ఉంది, నా చేతులు ఉన్నాయి. నువ్వూ జగదీశ్వరూ ఆ ఏడుకొండలూ ఒకే పని వాళ్ళు. ఒకరి తప్పు ఒకరు కప్పుకుంటారు. నేను పరాయివాడినయ్యాను.

సారు కాగితాలు తయారు చేశాడు. ఇంజన్ నడుస్తుండగా స్టీరింగు, బ్రేకు పని చేయలేదని నా పేరు మీద రాశాడు. నడుస్తుండగా అన్న మాట ఆయన మామూలుగా రాసిందే, నన్ను అడగలేదు. నేను కూడా చెప్పలేదు. అది అంత పెద్ద మాట అనిపించలేదు. వచ్చే శుక్రవారం సంతకం.

కురుమయ్య

హన్మకొండ,
28 సెప్టెంబరు 2010.

మామ,

సంతకం పెట్టకు. ఇది శుక్రవారం లోపల అందాలని రైల్వేస్టేషన్ దగ్గరి పోస్టాఫీసులో వేస్తున్నాను. అత్తకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. "మీ మామ నీ పేరెత్తితేనే లేచి పోతున్నడు బిడ్డా, నేనేం చెప్పాలె" అంటున్నది.

నిదానంగా చదువు. ఈ బండిలో స్టీరింగు వేలితో తిరుగుతున్నది నీ బలంతో కాదు. ఇంజన్ బలంతో. బ్రేకు కూడా అంతే. ఇంజన్ పీల్చే గాలితో పెడలుకు బలం వస్తుంది. ఇంజన్ ఆగిపోతే ఒకటి రెండు సార్లు తొక్కడానికి సరిపడా బలం మిగులుతుంది. నువ్వు పంపు కొట్టి ఆ మిగిలింది కూడా ఖర్చు చేశావు. ఆ తర్వాత రాయే. ఎవరికైనా రాయే.

నా మాట మీద నమ్మకం లేకపోతే నీ కాలిని అడుగు. బండి రిపేరై ఇంటికి వచ్చాక వాకిట్లోనే నిలబెట్టు. ఇంజన్ ఆపి బ్రేకు నాలుగుసార్లు తొక్కు. గట్టిపడుతుంది. అప్పుడు పెడలు మీద కాలు అలాగే గట్టిగా అదిమి పెట్టి తాళం తిప్పు. ఏమవుతుందో చూడు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. మొదటి ఉత్తరంలో ఇన్ని రాసి ఇది రాయలేదు. నడిచే బండిని తాళం తిప్పి ఆపే మనిషి ఉంటాడని నాకు తట్టలేదు. నాకు కొత్త బండ్లే తెలుసు.

ఏడుకొండలు ఎవరో నాకు తెలియదు. కానీ నన్ను ఒకసారి ఇట్లాగే నెల రోజులు పక్కన పెట్టారు. తర్వాత నా తప్పు లేదని తేలింది. ఆ నెలలో ఒక్క షెడ్డు వాడు కూడా నన్ను చాయ్ తాగడానికి పిలవలేదు. బ్రేకు వదిలేసిన మెకానిక్ అని పేరు పడితే ఎవడూ స్పానర్ చేతికివ్వడు.

సురేశ్

చిక్కడపల్లి,
21 అక్టోబరు 2010.

సురేశ్‌కు మామ రాసేది.

నీ ఉత్తరం సోమవారం అందింది. సంతకం శుక్రవారం అయిపోయింది.

బండి పోయిన గురువారం ఇంటికి వచ్చింది. సారు నిద్రపోతున్న మధ్యాహ్నం నువ్వు చెప్పినట్టు చేశాను. నాలుగోసారికి పెడలు గట్టిపడింది. ఆ రోజు ఉన్నట్టే ఉంది. కాలు తీయకుండా తాళం తిప్పాను. పెడలు నా కాలి కింద దానంతట అదే దిగింది. మళ్ళీ చేశాను. మళ్ళీ దిగింది. ఆరేడు సార్లు చేశాను. మీ అత్త వచ్చి, "ఎటూ పోకుండ గీ బండిల కూసొని ఏం జేస్తున్నవ్" అని అడిగింది. దిగి వచ్చాను.

సాయంత్రం సారుకు చెప్పాను. ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు.

"సార్, ఆనాడు తప్పు బండిది కాదు. మెకానిక్‌ది కాదు. నేను దిగుడుల ఇంజన్ బంద్ చేసిన. దానికి గిది పడదట."

"ఎవరు చెప్పారు?"

"మా మేనల్లుడు రాసిండు. నేను కూడా చేసి చూసిన. మీరు జర వచ్చి కాలు పెట్టి చూడండి."

"మీవాడూ మెకానిక్కేగా. వాళ్ళు వాళ్ళ వాళ్ళనే వెనకేసుకొస్తారు." పేపరు మడిచాడు. తర్వాత గొంతు తగ్గించాడు. నా కుడి వైపుకు వచ్చి చెప్పాడు. "దిగుడులో ఆపమని నీకు నేర్పింది నేను. ఆ మాట అవినాష్‌కు తెలుసు, చుట్టాలందరికీ తెలుసు. ఇప్పుడు మా ఆవిడ చెయ్యి విరిగింది నా తెలివివల్లే అని కోర్టులో రాసిమ్మంటావా? కాగితం వెళ్ళిపోయింది. నువ్వు నోరు తెరవకు. ఆ మెకానిక్‌కు ఇంకోచోట పని దొరుకుతుంది. నీకు ఇంకోచోట ఈ గది దొరుకుతుందా?"

దొరకదని నాకు తెలుసు.

కోపం ఎవరి మీద చూపాలో తెలియడం లేదు. సారు చెప్పింది ఫియట్‌కు సరైన మాటే. నేను చేసింది ఫియట్‌కు సరైన పనే. ఆ మెకానిక్ పిల్లవాడు బిగించింది కూడా సరిగానే ఉంది. ముగ్గురమూ సరిగా చేసి అమ్మ చెయ్యి విరగ్గొట్టాము.

నేను ఫియట్‌ను బయటికి తీసి, తుడిచి, మళ్ళీ లోపల పెట్టాను. దాని మీద కూడా చిరాకు పుట్టింది. ఏమి చేసినా ఊరుకునే బండి అది. మనిషికి చెడ్డ అలవాటు చేస్తుంది.

దీపావళికి రెండు వారాలు ఉంది.

కురుమయ్య

హన్మకొండ,
27 అక్టోబరు 2010.

మామకు,

నువ్వు చేసి చూశావు. అది చాలు. నేను ఇంకేమీ నేర్పను.

కానీ మీ సారు అన్న మాటకు నువ్వు తల ఊపి వచ్చావా లేదా అది రాయలేదు. ముప్పై ఆరేళ్ళు ఆయన చెప్పిందానికల్లా ఊపావు, నాకు తెలుసు. ఈసారి ఊపితే, నువ్వు చెప్పకపోతే, నేను వచ్చి ఆ నారాయణగూడ వర్క్‌షాపులో నీ ఉత్తరాలు పెడతాను. ఇది రాయడం నాకు ఇష్టం లేదు. రాశాక చింపుదామని కూడా అనుకున్నాను.

గది పోతే మా ఇంటికి రండి. రెండు గదులు ఉన్నాయి. నువ్వు రావు అని తెలుసు, అయినా రాస్తున్నాను.

సురేశ్

చిక్కడపల్లి,
22 నవంబరు 2010.

సురేశ్‌కు,

నా ఉత్తరాలు నువ్వు ఎక్కడా పెట్టనక్కర లేదు. బెదిరించినందుకు నీ మీద కోపం ఉంది. నీ ఇంటికి రమ్మన్నందుకు కూడా ఉంది. అవి తర్వాత.

సారు ముందు నేను తల ఊపలేదు. ఊపకుండా కూడా ఉండలేదు. చెవిటివాడికి అది ఒక సౌకర్యం. దీపావళి దాకా అట్లాగే గడిపాను. పండగనాడు చిన్న సారు వచ్చి, "సరేలే కురుమయ్యా, తప్పు నీది కాదంటున్నారు నాన్న. గది అలాగే ఉండనీ" అన్నాడు. నేను కోరుకున్న మాట అదే. విన్నాక అన్నం తినబుద్ధి కాలేదు.

మరుసటి ఆదివారం నల్లకుంటలో ఏడుకొండలు ఇల్లు వెతుక్కుని పోయాను. ముప్పై ఏళ్ళ మనిషి. తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు. మొత్తం చెప్పాను. సంతోషపడతాడని అనుకున్నాను.

"పెద్దాయనా, రెండు నెలలకు యాదికొచ్చిందా నీకు?"

"నాకు తెలిసి నెలే అయింది బిడ్డా."

"నెలంటే నీకు తక్కువున్నదా? నేను గిప్పుడు పంక్చర్ షాపుల కూసుంటున్న. మా అత్తగారింట్ల చేతగానోడని పేరు వెట్టిండ్రు. నాకు జెప్పుడు ఎందుకు, నాకు తెల్వదా నేను సక్కగ బిగించిన్నని? తెల్వనోళ్ళకు చెప్పు. కాగితం మీద రాసియ్యి."

తలుపు వేసుకున్నాడు. తప్పు పట్టలేదు నేను.

ఇంటికి వచ్చి అమ్మగారి దగ్గరికి పోయాను. సారుకు చెప్పాను కానీ ఆమెకు చెప్పలేదు. దెబ్బ తగిలింది ఆమెకు. ఆమె వంటింట్లో ఎడమ చేత్తో చిక్కుడుకాయలు తుంచుతోంది. కుడి చెయ్యి ఇంకా సరిగా ముడుచుకోదు.

"అమ్మా, ఆనాడు దిగుడుల ఇంజన్ నేనే బంద్ చేసిన. అందుకే బండి నా చేతిల లేకుంటపోయింది."

ఆమె చిక్కుడుకాయలు పక్కన పెట్టి నా కుడి వైపుకు జరిగింది.

"ఇంజన్ చప్పుడు ఆగడం నాకు వినపడింది కురుమయ్యా. నువ్వు తాళం తిప్పడం కూడా చూశాను."

"అయితే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నీ గది పోతుంది. ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే ఆ కుర్రాడి పని పోతుంది. నువ్వు చెప్తావేమో, ఆయన చెప్తారేమో అని చూస్తూ కూర్చున్నాను. నాదీ తప్పే. కాగితం తీసుకురా."

ఆమె చెప్పి రాయించకుండా నేనే రాశాను. దిగుడులో ఇంజన్ నేను ఆపాను, సర్వీసింగు చేసిన మనిషి తప్పు లేదు, ముందు ఇచ్చిన కాగితంలో ఇంజన్ నడుస్తున్నదని ఉన్న మాట నిజం కాదు. నాలుగు వరుసలు. కింద సంతకం పెట్టాను. సాక్షి అని ఆమె కూడా పెట్టింది, ఎడమ చేత్తో. ఆ అక్షరాలు చిన్నపిల్లలు రాసినట్టు ఉన్నాయి.

సోమవారం ఇద్దరం ఆటోలో నారాయణగూడ పోయాము. మేనేజరు కాగితం రెండుసార్లు చదివాడు. "ఈమె ఎవరు?" అని నన్ను అడిగాడు. "బండిల కూసున్నామె" అన్నాను. అమ్మ కట్టు విప్పిన చెయ్యి బల్ల మీద పెట్టింది. అతను కాగితం ఫైలులో పెట్టుకున్నాడు. నకలు సారుకు కూడా ఇచ్చాము.

సారు కేసు వెనక్కి తీసుకున్నాడు. నాతో మాట్లాడటం లేదు, అమ్మతో కూడా మాట్లాడటం లేదు. ఏడుకొండలును పనిలోకి తీసుకున్నారు. అతను నాకు ఏ కబురూ పంపలేదు, పంపాల్సిన పని కూడా లేదు. చిన్న సారు మర్యాదగానే మాట్లాడాడు. "నాన్న మాట ఇచ్చారు, నేను కాదు కురుమయ్యా. గోడ సంగతి నువ్వే చెప్పు" అన్నాడు. గీత పడింది నిజమే కదా అన్నాను. రెండు బండ్ల తాళాలూ బల్ల మీద పెట్టాను.

నిన్న మేస్త్రీ వచ్చి గోడ కొలుచుకుని పోయాడు. ఫియట్‌ను పెళ్ళి ఊరేగింపులకు తిప్పుకునే వాళ్ళెవరో అడుగుతున్నారట. నాకు సంబంధం లేదు.

మీ అత్త సామాను మూటలు కడుతోంది. దొరికిన డబ్బాలన్నీ నిండాయి. ముప్పై ఆరేళ్ళలో ఇంత పోగైందని మాకే తెలియదు. ఎక్కడికి పోవాలో ఇంకా తేలలేదు. నెలాఖరు తర్వాత ఈ చిరునామాకు రాయకు. ఇక్కడ మేము ఉండము, కొత్త బండి ఉంటుంది.

కురుమయ్య